తుపాకి పేలితే పైలట్ ఎటు ఒరుగుతాడు?

అమ్మాయీ,

నీ కథ అంది పదకొండు రోజులైంది. అందిన రాత్రే చదివాను. చదివి, ఆరో పేజీలో ఒకచోట ఎర్ర పెన్నుతో గీత గీసి, మళ్ళీ కవర్లో పెట్టేసి బీరువా మీదికి విసిరాను. జవాబు రాయకూడదనే అనుకున్నాను. ఈ వయసులో ఒకరికి సుద్దులు చెప్పి చెడ్డవాణ్ణి అనిపించుకోవడం దేనికి? కానీ ఆ గీత గీసిన ముక్క నన్ను వదిలితేగా! కూరగాయల బండి దగ్గర చిల్లర లెక్కపెడుతుంటే గుర్తొస్తుంది, రాత్రి రెండింటికి మెలకువొస్తే గుర్తొస్తుంది. ఇదీ ఆ ముక్క:

"బటన్ నొక్కగానే ఎనిమిది తుపాకులూ ఒక్కసారిగా గర్జించాయి. ఆ ధాటికి విమానం గాలిలో నిలిచిపోయింది. అతను సీటులోకి వెనక్కి విసిరివేయబడ్డాడు."

"విసిరివేయబడ్డాడు"ని క్షమించేస్తున్నాను. అది నీ తప్పు కాదు, నువ్వు చదివిన అనువాదాల తప్పు. నా గొడవంతా "వెనక్కి"తో.

నువ్వు తుపాకి ఎప్పుడూ కాల్చి ఉండవు. నేను కాల్చాను. కాలేజీలో ఎన్‌సీసీ వెలగబెట్టిన రోజుల్లో, డిసెంబరు క్యాంపులో, నేల మీద బోర్లా పడుకోబెట్టి చేతికి త్రీ నాట్ త్రీ రైఫిల్ ఇచ్చారు. మనిషికి ఐదు తూటాలు. తుపాకి మడమని భుజం గుంటలో గట్టిగా అదిమి పట్టుకోమని హవల్దారు అరిచి అరిచి చెప్పాడు. నాకు హిందీ అంతంత మాత్రం, భయం మెండు. వదులుగా పట్టుకుని ట్రిగ్గర్ లాగాను. ఎవరో రోకలితో భుజంలో పొడిచినట్టయింది. మిగతా నాలుగూ కళ్ళు మూసుకుని కాల్చాను. సాయంత్రానికి నేరేడుపండు రంగులో మచ్చ తేలింది. ఇంటికెళ్ళాక మా అమ్మ ఉప్పు మూటతో కాపడం పెడుతూ, "దేశసేవ చేసింది చాల్లే" అంది.

ఆ తూటాయే నీ కథలోదీ. రెండో ప్రపంచయుద్ధంలో, 1940లో, నీ పైలట్ నడిపిన ఇంగ్లిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ రెక్కల్లో ఉన్న బ్రౌనింగ్ మెషిన్ గన్‌లు పేల్చింది ఈ త్రీ నాట్ త్రీనే. అందుకే ఈ విషయంలో నీ కంటే నా భుజానికి అధికారం ఎక్కువ.

నువ్వేం చేశావో నాకు తెలుసు. సినిమాలో తుపాకి కాల్చినవాడు వెనక్కి తూలడం చూశావు. ఆ తూలడాన్ని ఎత్తుకొచ్చి కాక్‌పిట్‌లో కూర్చోబెట్టావు. నా రైఫిల్ నా భుజానికి ఆని ఉంది కాబట్టి నన్ను తన్నింది. నీ పైలట్ భుజానికి ఏ తుపాకీ ఆని లేదే! నాలుగు ఆ రెక్కలో, నాలుగు ఈ రెక్కలో ఉన్నాయి. అవి తన్నేది విమానాన్ని. విమానం వేగం తగ్గుతుంది. లోపల కూర్చున్నవాడి ఒళ్ళు మాత్రం పాత వేగంతోనే పోతుంటుంది. ఆర్టీసీ బస్సు డ్రైవరు బ్రేకు మీద కాలేస్తే నిలబడ్డవాళ్ళు ఎటు పడతారు? ముందుకి. నీ పైలట్ కూడా ముందుకే ఒరుగుతాడు. భుజాల మీది పట్టీలు ఆపుతాయి. వీపుకీ సీటుకీ మధ్య వెంట్రుకవాసి సందు వస్తుంది.

ఇక "నిలిచిపోయింది" సంగతి. ఇంజినీరింగ్ చదువుతున్నానని రాశావు కదా, ఒక కాగితం తీసుకుని కూర్చుంటే పది నిమిషాల పని. నేను బీకాం, నాకు గంట పట్టింది. తూటా సుమారు 11 గ్రాములు. గొట్టం దాటేటప్పుడు దాని వేగం సెకనుకి 740 మీటర్లు. ఒక్కో బ్రౌనింగ్ నిమిషానికి 1,150 పేలుస్తుంది. ఎనిమిదీ కలిపితే సెకనుకి నూట యాభై పైచిలుకు. తూటాల వెనకాల వచ్చే మందు పొగ కూడా తన్నుతుంది, దాన్నీ కలుపుకుంటే మొత్తం మీద 170 కిలోల బరువు విమానాన్ని వెనక్కి నెట్టినట్టు లెక్క. వినడానికి పెద్దదే. కానీ ఆ విమానం బరువు దాదాపు 2,700 కిలోలు. రెండు సెకన్లు ఆపకుండా కాలిస్తే అది పోగొట్టుకునే వేగం గంటకి నాలుగున్నర కిలోమీటర్లు. అంటే నేను పొద్దున్నే కాలవగట్టున నడిచే వేగం. గంటకి 480 కిలోమీటర్లతో పోయేదాన్ని నువ్వు గాలిలో నిలబెట్టేశావు. అది పోగొట్టుకున్నది ఒక ముసలాడి వాకింగ్!

మరి పైలట్ ఒంటికి ఎంత తెలుస్తుంది? ఐదు కిలోల బియ్యం సంచి ఎవరో వెనక నుంచి వీపుకి ఆనించి కాస్త నెట్టినంత. అంతే.

ఇక్కడే ఆగి ఇంకోటి చెప్పాలి, లేకపోతే నేనూ అబద్ధమాడినవాణ్ణవుతాను. ఆ విమానాలు నడిపినవాళ్ళలో కొందరు, కాల్చినప్పుడు బ్రేకు వేసినట్టే ఉండేదని జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు. నా లెక్క కంటే చాలా పెద్ద అంకెలు చెప్పినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు అబద్ధమాడారని నేననను. ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాడు, బొటనవేలు బటన్ మీద, ముందున్న అద్దంలో వెలుగుతున్న వలయం మధ్య ఎవడిదో విమానం. నొక్కగానే రెక్కలు రెండూ వణుకుతాయి, ఆ వణుకు సీట్లోంచి, విమానం నడిపే స్టిక్‌లోంచి చేతికి ఎక్కుతుంది, కోరాగుడ్డ చింపుతున్నట్టు చప్పుడు, ముక్కులో కాలిన మందు వాసన. వీపు ఒక రవ్వ సీటుని వదిలింది. ఆ రవ్వే వాడికి బ్రేకు వేసినంత అయింది. ఇది రాయి. మీటరు నాలుగున్నర చూపించింది, వాడికి నలభై అనిపించింది. ఆ రెండు అంకెల మధ్య ఉన్నదే కథ. నువ్వు ఆ మధ్య భాగాన్ని తీసేసి ఒక గర్జన పెట్టావు.

నా దగ్గర ఉన్నది ఒకటే పాట, నలభై ఏళ్ళుగా అదే పాడుతున్నాను, విన్నవాళ్ళు తక్కువ. మనిషి ఒళ్ళు ఎటు కదిలిందో తెలియకుండా వాడి మనసు ఎటు కదిలిందో రాయొద్దు.

ఇది నాకు ఎవరు నేర్పారో చెప్తాను. 1978లో విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. అక్కడ ట్రెడిల్ అచ్చుమిషను మీద పనిచేసే ఒకాయనకి చూపుడువేలికి పై రెండు కణుపులు లేవు. మిషనులో పోయాయి. నాకు కథ దొరికిందని తెగ సంబరపడి రాసేశాను. వేలు నలిగినప్పుడు "నరనరానా అగ్ని ప్రవహించింది" అని రాశాను. తెలివితక్కువవాణ్ణి, ఆయనకే చదివి వినిపించాను. ఆయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని అన్నాడూ: "నొప్పి అప్పుడెక్కడుందండీ? మిషను చప్పుడు మారింది. కాగితం మడత పడిందేమోనని వంగి చూశాను."

చప్పుడు మారింది! నేను వందేళ్ళు బతికినా ఆ వాక్యం కల్పించలేను. కథంతా తిరగరాశాను, ఆ మాట చుట్టూ. ఒక వారపత్రికకి పంపితే వేశారు. సంతోషంగా కొనుక్కొచ్చి చూద్దును కదా, ఆ వాక్యం లేదు. దాని స్థానంలో సంపాదకుడుగారు తన సొంత చేత్తో "చెప్పనలవి కాని వేదన" అని పెట్టారు. అడిగితే, "పాఠకులకి మిషన్ల గోల ఎందుకయ్యా, హృదయానికి తగలాలి" అన్నారు. ఆయన ఇప్పుడు లేరు, పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదు. ఆ కథకి రావాల్సిన 40 రూపాయలు కూడా రాలేదని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

ఇప్పుడు వాళ్ళు పోయి ఇంకో రకం వచ్చారు. పోటీ కథ పన్నెండు వందల మాటలకి మించకూడదు, మొదటి పేరాలో రక్తం, చివరి పేరాలో కొసమెరుపు ఉండాలి. నువ్వూ పెట్టావు కొసమెరుపు. అతను మొదటి పేజీలోనే చనిపోయాడనీ, ఇంతసేపూ మనం చదివింది అతని ఆత్మ కథనమనీ చివర్లో తేల్చావు. ఆత్మకి రికాయిల్, అదే తుపాకి తన్ను, ఉండదమ్మా! ఆ పేరా కొట్టిపారెయ్.

మళ్ళీ తుపాకుల దగ్గరికి వద్దాం. నీ పైలట్ ఆరో పేజీ నుంచి పదో పేజీ దాకా కాలుస్తూనే ఉన్నాడు. అతని దగ్గర ఉన్నది తుపాకికి 300 తూటాలు. బటన్ మీద నుంచి వేలు తీయకపోతే పదహారు సెకన్లలో అయిపోతాయి. రెండేసి సెకన్ల చొప్పున పొదుపుగా వాడుకుంటే ఎనిమిది సార్లు. ఎనిమిది సార్లు, ఆ తర్వాత ఇంటిదారి. మా చిన్నప్పుడు రేషన్ కిరోసిన్ ఎలా వాడామో అలా వాడాలి వాడు. నెల చివర సీసా ఎత్తి చూసే ఆ చూపు నీ పైలట్ ముఖంలో నాకు కనబడలేదు.

నీకు నిజంగా రికాయిల్ మీదే కథ నడపాలని ఉంటే, తప్పు విమానం ఎంచుకున్నావు. అదే ఏడాది ఇంగ్లండులో డక్స్‌ఫర్డ్ వైపు 19వ స్క్వాడ్రన్ అనే విమానదళం వాళ్ళకి కొత్త రకం స్పిట్‌ఫైర్లు ఇచ్చారు. ఎనిమిది చిన్న తుపాకుల బదులు రెక్కకి ఒకటి చొప్పున 20 మిల్లీమీటర్ల హిస్పానో ఫిరంగి. దాని గుండు ఒక్కొక్కటి 130 గ్రాములు. రెక్క పలచన, ఫిరంగి లావు. పట్టక పక్కకి పడుకోబెట్టి బిగించారు. పడుకోబెట్టినందుకు అది అలిగింది. రెండు మూడు గుండ్లు పేలి ఇరుక్కుపోయేది. ఇరుక్కుపోవడం ఒక బాధ. ఒకటి మాత్రమే ఇరుక్కోవడం ఇంకో బాధ. ఎడమది ఆగిపోయి కుడిది పేలుతూ ఉందనుకో, కుడి రెక్కని ఎవరో పట్టుకుని వెనక్కి గుంజినట్టు ముక్కు కుడివైపుకి తిరిగిపోతుంది. గురి పోయింది. ఎడమ కాలితో రడ్డర్ పెడల్, అంటే తోక చుక్కాని తిప్పేది, తొక్కి సరిచెయ్యాలి. తొక్కేలోపు ఎదుటివాడు లేడు. చివరికి ఆ స్క్వాడ్రన్ వాళ్ళు, మీ ఫిరంగులు మీరే ఉంచుకోండి, మా పాత ఎనిమిది తుపాకులు మాకిచ్చెయ్యండని అడిగి మరీ వెనక్కి తెచ్చుకున్నారు. చూశావా, ఇక్కడ కథ ఎక్కడుంది? ఎడమ కాలి మడమలో ఉంది. తుపాకి చెడిపోయిందని వాడికి ముందు చెప్పేది చెవి కాదు, కాలు.

ఇంకా కావాలంటే హరికేన్ అని ఇంకో ఇంగ్లిష్ యుద్ధవిమానం ఉంది. అందులో ఒక రకం ట్యాంకుల మీదికి పోవడానికి చేసింది. రెక్కల కింద రెండు 40 మిల్లీమీటర్ల వికర్స్ తుపాకులు, ఒక్కోదానికి 15 గుండ్లు, అంతే. 1942 జూన్‌లో లిబియా ఎడారిలో 6వ స్క్వాడ్రన్ వాడింది, తర్వాత బర్మాలో 20వ స్క్వాడ్రన్. తుపాకులు రెక్కల కింద వేలాడుతున్నాయి కాబట్టి తన్ను కింద తగులుతుంది. జంట గుండ్లు పేలగానే విమానం ముక్కు కిందికి వాలుతుంది. ఎత్తేమో చెట్టంత, ముక్కేమో నేలకేసి. స్టిక్ వెనక్కి లాగి, ముక్కు ఎత్తి, మళ్ళీ గురి చూసి, మళ్ళీ నొక్కాలి. నొక్కితే మళ్ళీ వాలుతుందని తెలిసే నొక్కాలి. పెద్ద తుపాకులు ఎటు పోతాయో చూసుకోవడానికి రెక్కల్లో రెండే రెండు బ్రౌనింగులు ఉంచారు, ఆ తూటాల వెలుగు చూసుకుని గురి సరిచేసుకునేవాళ్ళు. తన ఆయుధమే తనని నేల మీదికి వంచుతుంటే ఆ చెయ్యి ఏం చేస్తుంది? నీ గర్జనలూ, మెరుపులూ, మృత్యుదేవతలూ నాకొద్దు. ఆ చెయ్యి చూపించు.

మా కాలనీలో ఎయిర్‌ఫోర్స్‌లో ఆర్మరర్‌గా, అంటే విమానాల తుపాకులు చూసుకునే పనిలో, చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. హంటర్ జెట్ యుద్ధవిమానాల మీద పనిచేశారు. నాలుగు 30 మిల్లీమీటర్ల ఏడెన్ తుపాకులు, తూటాల పెట్టెలతో సహా ఒకే డబ్బాగా విమానం పొట్టలోంచి కిందికి దింపేవాళ్ళట, గొట్టాలు మాత్రం విమానంలోనే ఉండిపోయేవట. కొత్త డబ్బా ఎక్కించడం నిమిషాల పని. నీ కథ గొడవ చెప్పి, కాల్చినప్పుడు పైలట్లకి ఎలా ఉండేదని అడిగాను. ఆయన సైన్సు చెప్పలేదు. మొదటిసారి కాల్చి దిగిన ఒక కుర్ర పైలట్‌ని తానూ అదే అడిగితే, "అరికాళ్ళలో తెలిసింది" అన్నాడట. కూర్చున్న చోటికి దిగువనే కదా తుపాకులు. మళ్ళీ కాళ్ళే. నేను మూడు కప్పుల టీ తాగి ఆ ఒక్క మాట జేబులో వేసుకుని వచ్చాను.

నువ్వు 152వ స్క్వాడ్రన్ ఎంచుకున్నందుకు నాకు ముచ్చటేసింది, అది ఒప్పుకోవాలి. హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్, బ్యాడ్జి మీద నిజాం తలపాగా బొమ్మ. అంతకుముందు 1918లోనే నిజాం డబ్బుతో విమానాలు కొన్న 110వ స్క్వాడ్రన్‌కీ హైదరాబాద్ పేరే పెట్టారు. ఇవి మనవాళ్ళలో చాలామందికి తెలియవు. ఇంగ్లండు దక్షిణాన వార్మ్‌వెల్ నుంచి లేచి పోర్ట్‌లండ్ రేవు మీద కాపలా కాసిన ఇంగ్లిష్ కుర్రాళ్ళ గుండెల దగ్గర మన ఊరి తలపాగా ఉందంటే ఎవరికైనా ఏదో అవుతుంది. కానీ ఆ కుర్రాడి చేత మేఘాల్లో చార్మినార్ ఎందుకు చూపించావు? వాడు హైదరాబాద్ ఎప్పుడు చూశాడు? వాడికి ఆ తలపాగా ఒక బొమ్మ. "ఇదెవరి టోపీరా" అని ఒకసారి అడిగి మర్చిపోయి ఉంటాడు. చార్మినార్ గుర్తొచ్చింది నీకు. నీకొచ్చిన బెంగని వాడి నెత్తిన పెట్టకు.

నీ కథలో నాకు నచ్చిన వాక్యం ఒకటుంది. మూడో పేజీలో, తుపాకులు తుడిచే అతను పని అయిపోయాక కూడా గుడ్డముక్కని జేబులో పెట్టుకోకుండా చేతిలోనే నలుపుతూ నిలబడ్డాడన్నావు. అది నువ్వు ఎక్కడో చూశావు. ఎక్కడ చూశావో నాకు చెప్పకు, దాచుకో. ఆ వాక్యం లేకపోతే ఈ ఉత్తరమూ లేదు.

అతన్నే పట్టుకో. ఆ రోజుల్లో రెక్క అంచున తుపాకి గొట్టాలు బయటికి వచ్చే కన్నాల మీద గుడ్డముక్కలు అతికించేవాళ్ళు. దుమ్మూ తేమా లోపలికి పోకుండా, పైన చలికి తుపాకులు బిగుసుకుపోకుండా. మొదటి తూటా దాన్ని చించుకుని పోతుంది. ఇక ఆ కన్నాల మీదుగా గాలి ఈలవేస్తుంది. విమానం తిరిగొచ్చి దిగడానికి మైదానం చుట్టూ తిరుగుతుంటే, కింద ఉన్నవాళ్ళు తలెత్తి చూడక్కర్లేదు. ఈల వినబడిందంటే కాల్చాడు. వినబడకపోతే కాల్చలేదు. నీ గుడ్డముక్క మనిషి పొద్దున ఆ గుడ్డలు అతికించాడు. ఇప్పుడు మైదానంలో నిలబడి వింటున్నాడు. పన్నెండు వెళ్ళాయి, ఈలలు లెక్కపెట్టుకుంటున్నాడు. నువ్వు కథని కాక్‌పిట్‌లోంచి తీసి ఇతని చెవిలో పెట్టి చూడు. అప్పుడు నీకు ఎవరు ముందుకు ఒరిగారో, ఎవరు వెనక్కి ఒరిగారో అన్న ఇబ్బంది కూడా ఉండదు. అయినా తెలుసుకో.

ముందుమాట గురించి అడిగావు. పుస్తకం సంగతి పుస్తకం అయినప్పుడు. ఏ పత్రికకి పంపాలన్నది నన్ను అడగడం, పెళ్ళి సంబంధం గురించి సన్యాసిని అడగడం లాంటిది. మీ జిల్లా యాసలో రాయాలా వద్దా అన్న ప్రశ్నకి ఇంకో ఉత్తరం రాయాలి, ఇప్పుడు చెయ్యి నొప్పెడుతోంది.

రెండో ప్రతి పంపేటప్పుడు గుండుసూది గుచ్చకు. మొదటి దాన్ని విప్పబోయి బొటనవేలికి గుచ్చుకున్నాను. దారంతో కుట్టు. అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి. పేజీకి ఒకవైపే.

ఆశీస్సులతో,
నువ్వు "గురువుగారూ" అని పిలిచిన, ఎవరికీ గురువు కాని
మాస్టారు

తా.క. కవరు అంటించబోయేముందు అనుమానం వచ్చింది, ఇంత రాశాక నాదే తప్పయితే? మా మనవడికి కంప్యూటర్ ముందు కూర్చునే చక్రాల కుర్చీ ఉంది. నేను అందులో కూర్చుని, వాణ్ణి ఎదురుగా నిలబడి కుర్చీని ఒక్కసారిగా వెనక్కి నెట్టమన్నాను. వాడు నవ్వుతూ గట్టిగానే నెట్టాడు. ముందుకే ఒరిగాను. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.